గురిచుక్క చెదిరితే ముందు కన్ను చూపించుకోండి

మధుమేహం, రక్తపోటు, మోకాళ్ళ నొప్పుల గురించి ఇక్కడ చదవడానికి అలవాటుపడిన మీకు నేడు పిస్టల్ ప్రస్తావన వింతగా తోచవచ్చు. ఇది కూడా ఆరోగ్యం మాటే. కాస్త ఓపిక పట్టండి.

ఆ మధ్య పోచంపాడ్‌లో మా బంధువుల అబ్బాయి ఒకడు సెలవులకు వచ్చి నన్ను కలిశాడు. హైదరాబాదులో చదువుకుంటూ ఎయిర్ పిస్టల్ సాధన చేస్తున్నాడు. మిత్రుల మధ్య జరిగే క్లబ్ పోటీల కోసం దానిపై ఎర్ర చుక్క సైటు బిగించుకున్నాడట. “తాతా, చుక్క గుండ్రంగ లేదు, కామా లెక్క కనబడుతుంది. ఒకటి మార్చి ఇంకోటి కొన్న, అది కూడ గట్లనే ఉంది” అన్నాడు. అంగడివాడు మూడోది, ఇంకా ఖరీదైనది చూపించాడట. నేను ఆ సైటును చేతిలోకి తీసుకుని చూశాను. శుక్లాల శస్త్రచికిత్స చేయించుకున్న నా ముసలి కంటికి చుక్క చక్కగా గుండ్రంగానే కనిపించింది.

2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ పిస్టల్ విభాగాలలో ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చినప్పటి నుండి ఈ క్రీడపై మన పిల్లలకు మక్కువ పెరిగింది. సంతోషమే. అయితే ఆ పతకాలన్నీ సాదా ఇనుప సైటుతో వచ్చినవని గుర్తుంచుకోవాలి. ఒలింపిక్స్, ఆసియా క్రీడలు అనుసరించే అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నియమాల ప్రకారం పిస్టల్ మీద కటకాలు, లేజర్, వెలిగే చుక్క వంటి సైటు ఏదీ ఉండరాదు. సైటుకు కటకం తగిలించకూడదు గాని, క్రీడాకారుడు కళ్ళద్దాలు ధరించవచ్చు. ఎర్ర చుక్కకు చోటున్నది ప్రాక్టికల్ షూటింగ్ వంటి పోటీలలో; అక్కడా కొన్ని విభాగాలలోనే. కాబట్టి డబ్బు ఖర్చు పెట్టే ముందు మీ అబ్బాయి ఏ పోటీకి వెళ్ళదలచాడో అడగండి. నియమావళి చదవకుండా కొన్న సైటు చివరకు అలమారలో చేరుతుంది.

ఇనుప సైటుతో గురిచూసేవాడికి మూడు వస్తువులు మూడు దూరాలలో ఉంటాయి: వెనుక గాడి, ముందున్న మొన, దూరాన లక్ష్యం. కన్ను ఒక్కసారికి ఒక్క దూరాన్నే స్పష్టంగా చూడగలదు. అందుకే శిక్షకులు మొన మీద చూపు నిలపమని, లక్ష్యం మసకగా ఉన్నా ఫరవాలేదని నేర్పుతారు. నలభై దాటి చత్వారం వచ్చిన కంటికి చేతి దూరంలోని ఆ మొన కూడా మసకబారుతుంది. దూరపు నెంబరుకు ఒక డయాప్టర్ లోపు ప్లస్ కలిపి ప్రత్యేకంగా అద్దం చేయించుకుంటే చాలామందికి ఆ ఇబ్బంది తీరుతుంది.

ఎర్ర చుక్క సైటు ఈ చిక్కును మరో దారిలో విప్పింది. చిన్న ఎర్ర దీపపు కాంతి వంపుగల గాజుపై పడి సమాంతర కిరణాలుగా కంటికి చేరుతుంది. కనుక చుక్క గాజు మీద కాక, దూరాన లక్ష్యం దగ్గరే ఉన్నట్టు తోస్తుంది. మీరు లక్ష్యాన్ని చూస్తే చాలు, చుక్క దాని మీద ఉంటుంది. ఈ సూత్రం కొత్తది కాదు. ఐర్లండ్‌కు చెందిన హోవర్డ్ గ్రబ్ 1900 నాటికే చెప్పాడు. స్వీడన్ సంస్థ ఎయిమ్‌పాయింట్ 1975లో విద్యుత్ దీపంతో పనిచేసేదాన్ని అమ్మకానికి తెచ్చింది. 1990లో అడిలైడ్‌లో జరిగిన ప్రాక్టికల్ షూటింగ్ ప్రపంచ పోటీని అమెరికా క్రీడాకారుడు డగ్ కోనిగ్ ఇటువంటి సైటుతో గెలిచాడు. “అది ముసలివాళ్ళ చేతికర్ర” అని వెక్కిరించేవారితో నేను ఏకీభవించను. చత్వారం రావడం నేరం కాదు, దానికి సాయం తీసుకోవడం మోసం కాదు.

అయితే ఈ సాయానికి ఒక షరతు ఉంది. చీకటి నేపథ్యంలో వెలిగే చిన్న బిందువును గుండ్రంగా చూడాలంటే కార్నియా, అంటే కంటి నల్లగుడ్డు మీది పారదర్శక పొర, అన్ని దిక్కులా సమానమైన వంపుతో ఉండాలి. ఒక దిక్కున వంపు ఎక్కువైతే దాన్ని ఆస్టిగ్మాటిజం అంటాము. కళ్ళద్దాల చీటీలో ‘సిలిండర్’ గడిలో ఉండే అంకె అదే. అక్షరాలు చదివేటప్పుడు మెదడు సర్దుకుపోతుంది గనుక స్వల్ప సిలిండర్ బయటపడదు. వెలిగే చుక్క దగ్గర దాగదు. చుక్క తోకచుక్క అవుతుంది, ద్రాక్షగుత్తి అవుతుంది, కామా అవుతుంది. ఆ సంగతి అమ్మేవాడు చెప్పడు. బహుశా అతనికీ తెలియదు.

తప్పు కంటిదా, సైటుదా అని తేల్చుకోవడం సులభం. ముందుగా సైటును పిస్టల్ నుండి విప్పి చేతిలోకి తీసుకోండి. విప్పే ముందు ఆయుధం ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూడండి. ఫోన్ కెమెరాతో చుక్కను ఫోటో తీయండి. ఫోటోలో గుండ్రంగా ఉండి మీకు చెదిరినట్టు కనబడితే సైటు నిర్దోషి. తరువాత సైటును గడియారపు ముల్లులా తిప్పండి. తోక కూడా దానితో తిరిగితే దోషం సైటుది. తోక కదలక ఒకే దిక్కున ఉంటే దోషం మీ కంటిది. అట్టముక్కకు గుండుసూదితో రంధ్రం చేసి అందులోంచి చూసినప్పుడు చుక్క కుదురుకుంటే అదీ కంటి దోషానికే సాక్ష్యం. కాంతి మరీ ఎక్కువగా పెట్టుకుంటే ఎవరికైనా చుక్క చిందినట్టే కనిపిస్తుంది. కనుక తగ్గించి చూశాకే నిర్ణయానికి రండి.

మా ప్రాంతం వారికి మరొక మాట. ఆర్మూరు చుట్టుపక్కల పసుపు ఉడికించి, ఎండబెట్టి, పాలిష్ పట్టే రోజుల్లో గాలి నిండా దుమ్మే. ఎండలో, దుమ్ములో ఏళ్ళ తరబడి పనిచేసేవారికి కంట్లో కండ పెరగడం నేను చాలాసార్లు చూశాను. ఆ కండ కార్నియా మీదికి పాకినప్పుడు దాని వంపు మారి ఆస్టిగ్మాటిజం వస్తుంది. శుక్లాల వల్ల కూడా వెలుగు చెదురుతుంది. ఇవేవీ సైటు మారిస్తే పోవు.

ఇక సైటు ఎంపిక. చుక్క పరిమాణాన్ని ఎమ్‌ఓఏ అనే కోణపు కొలతలో చెబుతారు. ఒక ఎమ్‌ఓఏ అంటే వంద మీటర్ల దూరంలో దాదాపు 29 మిల్లీమీటర్లు, పది మీటర్లలో 2.9. పది మీటర్ల ఎయిర్ పిస్టల్ లక్ష్యంలో పదో వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లే. 6 ఎమ్‌ఓఏ చుక్క అక్కడ 17 మిల్లీమీటర్లు కప్పేస్తుంది. 2 ఎమ్‌ఓఏ చుక్క ఆరింటితో సరిపెట్టుకుంటుంది. దగ్గరి లక్ష్యాలను వేగంగా కొట్టే పోటీలలో మాత్రం పెద్ద చుక్కే త్వరగా చూపుకు అందుతుంది. ఎరుపు మసకగా కనబడే వర్ణాంధత ఉన్నవారు ఆకుపచ్చ చుక్క ఎంచుకోవాలి. అది ఆస్టిగ్మాటిజానికి మందని ఎవరైనా చెబితే నమ్మకండి. బైఫోకల్, ప్రోగ్రెసివ్ అద్దాలతో గురిచూడకండి. తల ఎత్తినప్పుడు చూపు చదువుకునే భాగంలో పడి చుక్క మసకబారుతుంది. సిలిండర్ నెంబరుతో కూడిన దూరపు అద్దం ఒక్కటే ఉండాలి. దాని ఫ్రేము ముక్కు మీద ఒరిగితే సిలిండర్ కోణం తప్పుతుందని కూడా గమనించండి.

బిగించడం గురించి నేను చెప్పేది తక్కువ. ఆ పని తెలిసినవారి చేతికే ఇవ్వండి. ఎయిర్ పిస్టళ్ళకు సాధారణంగా ఉండే 11 మిల్లీమీటర్ల పట్టాకు, వెడల్పాటి పికటినీ పట్టాకు మౌంట్లు వేరు, ఒకదానికి చేసినది మరొకదానికి పట్టదు. మర మీది నూనె తుడిచి, మరలు వదులు కాకుండా ఉంచే నీలిరంగు జిగురు ఒక చుక్క వేసి, తయారీదారు చెప్పిన బిగువుకే టార్క్ రెంచితో బిగించాలి. విరిగిన ఎముకకు ప్లేటు వేసే మా ఆర్థోపెడిక్ మిత్రులు అనేవారు: వదులైన స్క్రూ ఎంత చెడ్డదో, బలవంతంగా తిప్పి మర చెడగొట్టిన స్క్రూ అంతే చెడ్డదని. చివరిగా పోటీ జరిగే దూరంలోనే, చేతికి ఆనుడు పెట్టుకుని చుక్కను సరిచేసుకోవాలి. సైటు గొట్టం కంటే ఎత్తున ఉంటుంది గనుక వేరే దూరంలో సరిచేసినది ఇక్కడ పనికిరాదు.

చుక్క మరొకటి కూడా బయటపెడుతుంది, అది చేతి వణుకు. ఇనుప సైటుతో తెలియని వణుకు ఇక్కడ తేనెటీగలా తిరుగుతూ కనిపిస్తుంది. భయపడకండి, వణకని చెయ్యి లేదు. దాన్ని ఆపడానికి ఎవరో చెప్పారని ప్రొప్రనలాల్ బిళ్ళ మింగే కుర్రాళ్ళున్నారు. ఉబ్బసం ఉన్నవారికి అది ప్రాణాంతకం కాగలదు. పైగా షూటింగ్‌లో బీటా బ్లాకర్ మందులు పోటీ రోజునే కాదు, ఎప్పుడూ నిషిద్ధమే. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఉత్తర కొరియాకు చెందిన కిమ్ జోంగ్ సు ఈ మందు వల్లనే రెండు పతకాలు పోగొట్టుకున్నాడు. రక్తపోటుకు ఈ జాతి మందులు వాడుతున్నవారు పోటీలకు వెళ్ళే ముందే తమ వైద్యునితో మాట్లాడాలి.

మా అబ్బాయి సంగతి చెప్పాలి కదా. ఎడమ కంటితో చూడమన్నాను. చుక్క గుండ్రంగా ఉందన్నాడు. కుడి కంటికే కామా. ఆ కంటి అద్దం నెంబరు రెండేళ్ళలో మూడుసార్లు మారిందని వాళ్ళమ్మ చెప్పింది. చిన్ననాటి నుండి కళ్ళు దురదపెడితే గట్టిగా నులుముకునే అలవాటు కూడా ఉంది. మూడో సైటు మాట పక్కన పెట్టి కంటి వైద్యుని దగ్గరకు పంపాను. కార్నియా ఉపరితలాన్ని పటంలా చూపే పరీక్ష చేసి కెరటోకోనస్ మొదలైందని తేల్చారు. అంటే కార్నియా పలచబడి శంకువులా ముందుకు ఉబ్బుతోంది. నిర్లక్ష్యం చేస్తే కొందరికి కార్నియా మార్పిడి దాకా వెళుతుంది. విటమిన్ బి2 చుక్కలు వేసి అతినీలలోహిత కిరణాలతో కార్నియాను గట్టిపరిచే చికిత్స చేశారు. అది జబ్బును ఆపుతుందేగాని జరిగిన నష్టాన్ని వెనక్కి తీసుకురాదు.

ఇప్పుడతడు దూరపు అద్దంతో, పాత ఇనుప సైటుతోనే సాధన చేస్తున్నాడు. కొన్న రెండు సైట్లలో ఒకటి అమ్మేశాడు. రెండోది నా బల్ల మీద ఉంది. కళ్ళు నులుముకుంటూ వచ్చే పిల్లలకు దాన్ని వెలిగించి “చుక్క ఎట్లుంది?” అని అడుగుతున్నాను.