ఆపరేషన్ అయింది సరే, ఎన్ని కిలోలు తగ్గావ్?

ముందే చెప్తున్నా, ఇది కోపంతో రాస్తున్న టపా. తియ్యటి మాటలు కావాలంటే ఇంకో రోజు రండి.

నాకు బేరియాట్రిక్ సర్జరీ అయి ఇవాళ్టికి నలభై ఎనిమిది రోజులు. ఇన్ని రోజుల్లో "నొప్పి తగ్గిందా?" అని అడిగినవాళ్లు ముగ్గురు. "ఏం తినగలుగుతున్నావ్?" అని అడిగినవాళ్లు ఇద్దరు. "ఎన్ని కిలోలు తగ్గావ్?" అని అడిగినవాళ్లను లెక్కపెట్టడం రెండో వారంలోనే మానేశా. నిజం చెప్పాలంటే ఆ జాబితాలో మొదటి పేరు నాదే. పొద్దున లేచి పళ్లు తోముకోకముందే కాటా ఎక్కి నన్ను నేనే అడిగేవాణ్ణి.

నా సంగతి కొంచెం. వయసు ఇరవై ఎనిమిది. ఎత్తు అయిదడుగుల ఎనిమిది. ఆపరేషన్ రోజున బరువు 124 కిలోలు, అంటే బీఎంఐ 41 దాటింది. ఇరవై ఆరేళ్లకే షుగర్. రాత్రి నిద్రలో ఊపిరి ఆగిపోతోందని ముక్కుకి మెషిన్ పెట్టుకుని పడుకునే బతుకు. మా ఇల్లు పత్తర్‌గట్టి వెనక గల్లీలో. నాయన అక్కడే ఒక పెళ్లిబట్టల దుకాణంలో ముప్పయ్యేళ్లుగా గుమాస్తా. నేను ఎంజీబీఎస్ దాకా ఆటోలో వెళ్లి, మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి హైటెక్ సిటీకి పోయి కోడ్ రాసేవాణ్ణి. ఆ మెట్రో మెట్లెక్కుతూ రెండుసార్లు ఆగి రొప్పేవాణ్ణి. ఆపరేషన్ ఎందుకు చేయించుకున్నానో చెప్పడానికి ఇంతకన్నా రాయనక్కర్లేదు.

"నోరు కట్టుకుంటే సరిపోయేది, కోయించుకోవడం ఎందుకు" అనే మేధావులకు ఒక్క మాట. ఇది సోమరితనానికి దొరికిన అడ్డదారి కాదు. 2022లో అంతర్జాతీయ, అమెరికన్ బేరియాట్రిక్ సర్జన్ల సంఘాలు కలిసి మార్గదర్శకాలు మార్చాయి. బీఎంఐ 35 దాటితే వేరే జబ్బు ఉన్నా లేకున్నా సర్జరీ సిఫారసు చేయొచ్చన్నారు. మన ఆసియావాళ్లకైతే 27.5 దగ్గర్నుంచే ఆలోచించొచ్చన్నారు. "ఇప్పుడు ఇంజెక్షన్లొచ్చాయిగా" అంటారు ఇంకొందరు. అవును, 2025లో మౌంజారో, వెగోవీ మన దేశంలో కూడా వచ్చాయి. ఎవరికి ఏది పనికొస్తుందో డాక్టరూ పేషెంటూ కూర్చుని తేల్చుకుంటారు. క్యాంటీన్‌లో ఓటింగ్ పెట్టి కాదు.

సరే, అసలు విషయం. నాకు చేసింది స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ. కడుపులో నాలుగింట మూడు వంతులకు పైగా తీసేసి సన్నటి గొట్టంలా మిగులుస్తారు. మొదటి రెండు వారాలూ ద్రవాలే. పద్నాలుగో రోజుకి కాటా మీద 116.2. దాదాపు ఎనిమిది కిలోలు! ఇంట్లో పండగ, ఆఫీసు గ్రూపులో చప్పట్ల బొమ్మలు. నేను ఎక్సెల్‌లో గ్రాఫ్ గీసి, ఆ గీతని అలాగే కిందికి పొడిగించి, ఫలానా నెలకి ఎనభై కిలోలు అని తారీఖు కూడా వేసుకున్నా. మనవాళ్లందరికీ ఉన్న జబ్బే కదా, రెండు పాయింట్లు దొరికితే చాలు గీత గీసేస్తాం.

ఆ తర్వాత కాటా ఆగిపోయింది.

116.0. 116.4. 115.8. 116.6. ఇరవై రెండు రోజులు ఇదే వరస. రోజంతా కలిపి గిన్నెడు పెసరకట్టు, ఒక గుడ్డు తెల్లసొన, రెండు గ్లాసుల ప్రొటీన్ నీళ్లు. అయినా బరువు తగ్గదు. ఆ ఇరవై రెండు రోజుల్లో విన్న మాటలు చూడండి.

చిన్నమ్మ: "కడుపు కోపిచ్చుకున్నవ్, గింతేనా తగ్గింది బిడ్డా?"

టీమ్‌లో ఒకాయన: "దొంగతనంగా ఏమైనా లాగిస్తున్నావా భయ్యా?"

ఇంకొకాయన పేపర్ కటింగ్ పంపాడు. 2023 మొదట్లో మా ఇంటికి కూతవేటు దూరంలో, నయాపూల్ దాటితే వచ్చే ఉస్మానియా జనరల్ ఆస్పత్రిలో 240 కిలోల యువకుడికి ఇదే తరహా సర్జరీ చేసిన వార్త. ప్రభుత్వాసుపత్రి డాక్టర్లు అంత కష్టమైన కేసు చేపట్టడం నిజంగా గొప్ప సంగతే. మా వాడికి అందులో కనిపించింది మాత్రం కిలోలే. "చూడు, వాళ్లకి ఎలా తగ్గుతోందో, నీకేమైంది?" అని కింద రాశాడు. ఒరే నాయనా, 240 కిలోల మనిషికీ 124 కిలోల మనిషికీ తగ్గే వేగం ఒకటే ఎలా అవుతుంది? ఎంత ఎక్కువ బరువుతో మొదలుపెడితే మొదట్లో అన్ని ఎక్కువ కిలోలు పోతాయి. పెద్ద సర్వర్‌నీ చిన్న ల్యాప్‌టాప్‌నీ ఒకే స్కేల్ మీద పోల్చనివాడు మనుషుల్ని మాత్రం పోల్చేస్తాడు.

నవ్వొస్తోందా? నాకు ఆ రోజుల్లో రాలేదు. కాటా ఆగిందంటే తప్పు నాదే అని నమ్మేశా. బగ్ ఎక్కడుందో వెతికే అలవాటు కదా, ఇన్‌పుట్ తగ్గించడమే పరిష్కారం అనుకున్నా. గుడ్డు మానేశా. ప్రొటీన్ పొడి సగం చేశా. బరువు చూపిస్తుందేమోనని నీళ్లు కూడా తగ్గించా, అంత తెలివి నాది. పైగా సాయంత్రం చార్మినార్ దాకా, అక్కడ్నుంచి వెనక్కి మదీనా దాకా రెండేసి సార్లు నడక. ముప్పై ఒకటో రోజున మదీనా దగ్గర రోడ్డు దాటుతుంటే కళ్లు బైర్లు కమ్మాయి. పండ్ల బండి పట్టుకుని అలాగే కింద కూర్చుండిపోయా. బండాయన మొహమ్మీద నీళ్లు కొట్టి, "క్యా భాయ్, సుబహ్ సే కుఛ్ ఖాయా నహీ?" అన్నాడు. నలభై ఎనిమిది రోజుల్లో నన్ను అడగాల్సిన ప్రశ్న అడిగిన ముక్కూమొహం తెలియని మనిషి ఆయనొక్కడే.

మర్నాడు డైటీషియన్ దగ్గరికి పోతే ఆమె నా ఎక్సెల్ వంక చూడను కూడా చూడలేదు. "ప్రొటీన్ ఎన్ని గ్రాములు తింటున్నావో చెప్పు" అంది. లెక్కేస్తే పాతిక. తినాల్సింది కనీసం అరవై. నీళ్లు లీటరున్నరకి తగ్గకూడదు, నేను ముప్పావు లీటరు కూడా తాగట్లేదు. ఆమె తిట్టిన తిట్లు ఇక్కడ రాయను గానీ, ఇంటికొచ్చి చదువుకున్నది మాత్రం రాస్తా. ఎందుకంటే ఇది ముందే ఎవరైనా నాకు చెప్పి ఉంటే ఆ రోజు రోడ్డు మీద పడేవాణ్ణి కాదు.

మన ఒంట్లో కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్ అని చక్కెర నిల్వ ఉంటుంది, సుమారు అరకిలో. ప్రతి గ్రాముతో పాటు మూడు గ్రాముల దాకా నీళ్లు పట్టుకుని ఉంటాయి. తిండి ఒక్కసారిగా తగ్గగానే ముందు ఖర్చయ్యేది ఇదే, దాంతో పాటు నీళ్లూ పోతాయి. మొదటి వారాల్లో సంబరపడి చప్పట్లు కొట్టిన కిలోల్లో రెండు దాకా ఇవే అన్నమాట. తర్వాత తిండి కాస్త పెరిగేసరికి ఒళ్లు మళ్లీ కొంత నీరు పట్టుకుంటుంది. లోపల కొవ్వు కరుగుతూనే ఉంటుంది, పైన నీరు దాన్ని కప్పేస్తుంది. కిలో కొవ్వులో దాదాపు 7700 కేలరీలు, అది కరగడానికి రోజులు పడుతుంది. లీటరు నీళ్లు తాగితే కిలో పెరగడానికి ఒక్క నిమిషం చాలు. కాటాకి ఈ తేడా తెలీదు. అదొక్కటే కారణమనీ చెప్పను. బరువు తగ్గేకొద్దీ శరీరం తన ఖర్చు కూడా తగ్గించుకుంటుంది. మూడో వారం దగ్గర ఇలా ఆగడం ఈ సర్జరీ అయినవాళ్లలో చాలామందికి అనుభవమే. అసలు తగ్గడమనేది ఏడాది, ఏడాదిన్నర సాగే పని.

ఇది కొత్త సంగతేం కాదు. 1944-45లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన స్వచ్ఛంద సేవకులకి ఆర్నెల్ల పాటు సగం తిండే పెట్టి చూశాడు. బక్కచిక్కిపోతున్న ఆ మనుషుల కాళ్లలో నీరు చేరింది, కాటా మీద అది కూడా బరువే. తిండి తగ్గినవాళ్ల మనసు ఎలా కుంగిపోతుందో కూడా అక్కడే బయటపడింది. మనం జపం చేసే బీఎంఐకి 1972లో ఆ పేరు పెట్టింది కూడా ఈ కీస్ బృందమే. జనాభాని కలిపి అంచనా వేయడానికి పనికొచ్చే కొలత అది. దాన్ని పట్టుకుని ఒక్క మనిషికి రోజుకోసారి మార్కులేస్తున్నాం.

ఇప్పుడు దర్జీ సంగతి. వచ్చే నెల మా చెల్లి పెళ్లి. పదిహేనో రోజున నాయన నన్ను పత్తర్‌గట్టిలో తనకి తెలిసిన దర్జీ దగ్గరికి తీసుకెళ్లి షేర్వానీకి కొలతలిప్పించాడు. పొట్ట 51 అంగుళాలని ఆయన తన పుస్తకంలో రాసుకున్నాడు. ముప్పై ఏడో రోజున ట్రయల్‌కి పోయా. పొద్దున కాటా మీద 116.0. అంటే కొలతలిచ్చిన నాటికీ ఇప్పటికీ పావుకిలో కూడా తేడా లేదు. తొడుక్కుంటే షేర్వానీ గుడారంలా వేలాడింది. దర్జీ టేపు పెట్టి, పుస్తకం చూసి, మళ్లీ టేపు పెట్టి, "దో ఇంచ్ కమ్ హోగయా, ఇత్తే జల్దీ కైసే?" అని నన్నే అనుమానంగా చూశాడు. ఆపరేషన్ వాపు తగ్గడం వల్ల పొట్ట కొంత తగ్గి ఉండొచ్చు, కాదనను. కానీ మెడ అర అంగుళం తగ్గింది, చెయ్యి ముప్పావు అంగుళం తగ్గింది. మెడకేం ఆపరేషన్ చేయలేదు కదా!

ఆ సాయంత్రం నాయన ఏమీ అనకుండా కాటా తీసుకెళ్లి అటక మీద పెట్టేశాడు. ఆదివారం ఒక్కరోజే కిందికి దిగుతుంది.

"కొలవకపోతే తెలిసేదెలా?" అని అడుగుతారు మీరు. న్యాయమైన ప్రశ్నే. కొలవొద్దని నేననట్లేదు. తప్పు కొలత పట్టుకుని తీర్పులు చెప్పొద్దంటున్నా. ఎన్ని లైన్ల కోడ్ రాశాడో చూసి ఇంజినీర్‌కి రేటింగ్ ఇస్తే మనం ఊరుకుంటామా? మేనేజర్‌ని నెలంతా తిట్టుకుంటాం. మరి ఒంటి విషయంలో అదే మేనేజర్ పని మనమెందుకు చేస్తున్నాం? పరగడుపు షుగర్ నాకు 168 ఉండేది, ఇప్పుడు 104, డాక్టర్ మాత్ర సగం చేశారు. మెట్రో మెట్లు ఆగకుండా ఎక్కుతున్నా. ఇవీ కొలతలే. వీటిని ఒక్కరూ అడగలేదు, ఎందుకంటే ఇవి ఫొటోలో కనపడవు.

అలాగే నెమ్మదిగా తగ్గడాన్నంతా మామూలే అని కొట్టిపారేయమనీ చెప్పను. వాంతులు ఆగకపోయినా, నీళ్లు కూడా దిగకపోయినా, జ్వరం వచ్చినా, గుండె దడదడలాడినా అదే రోజు ఆస్పత్రికి పోవాలి. వాంతులు సాగితే బి1 విటమిన్ పడిపోయి మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. నెలల తరబడి బరువు కదలకపోతే థైరాయిడ్, వేరే మందులు, తిండి తీరు చూడాల్సింది డాక్టర్. కొందరికి నిజంగానే అనుకున్నంత తగ్గదు. అది వైద్యం చేయాల్సిన సమస్య, పరువు తీయాల్సిన నేరం కాదు.

"ఇన్ని రోజుల్లో ఇన్ని కిలోలు" అని బోర్డులు పెట్టే ఆస్పత్రులకీ, స్టెప్పుల పోటీ పెట్టి ఫ్లోర్ మీద టీవీలో ర్యాంకులు వేసే హెచ్ఆర్ వాళ్లకీ, ముందూ వెనకా ఫొటోలు షేర్ చేసే మిత్రులకీ నాదొకటే మాట. మీరు వేలాడదీసిన ఆ అంకెని చూసి ఎవడో ఒకడు ఇవాళ రాత్రి గుడ్డు మానేస్తాడు. నేను మానేశాను. పండ్ల బండి లేకపోతే బస్సు కింద పడేవాణ్ణి.

మీ టీమ్‌లో ఎవరికైనా ఈ ఆపరేషన్ అయితే దయచేసి కిలోలు అడక్కండి. ఇవాళ నీళ్లు తాగావా అని అడగండి. ప్రొటీన్ ఎంతైంది, రాత్రి నిద్ర పట్టిందా, సాయంత్రం తోడుగా నడుద్దామా అని అడగండి. ఏమీ తోచకపోతే ఊరుకోండి, అదీ సాయమే.

ఆ తర్వాత కాటా మళ్లీ కదిలిందా అని చాలామందికి మనసు లాగుతోందని తెలుసు. ఇవాళ్టి బరువెంతో ఈ టపాలో ఎక్కడా రాయలేదు, గమనించారా? రాయను కూడా. షేర్వానీ మాత్రం దర్జీ ఇంకోసారి లోపలికి కుట్టాలన్నాడు, దానికి నూట యాభై అదనం.