అరకు మంచు, కెమేరా చూపు

శీతకాలం ప్రవేశించినదంటే విశాఖపట్నంనుండి కిరండూలు పోయే రైలు పాఠశాలల పిల్లలతో నిండిపోతుంది. వెంట ఉపాధ్యాయులు, పులిహోర పొట్లాలు, కిటికీవద్ద చోటుకోసం తగాదాలు. ఒకప్పుడు అటువంటి బృందంలో ఒక కెమేరా ఉండటమే విశేషం. నేడు ఫోను ఉన్న ప్రతి చేతిలోను కెమేరా ఉన్నది. సాయంత్రానికి చిత్రాలు వందలలో పోగవుతాయి. ఇంటికి వచ్చి తిరగవేసి చూస్తే లోయమీది తెల్లని మంచు సున్నం వెలిసిన గోడవలె కనబడుతుంది. థింసా ఆడిన స్త్రీల ముఖాలు నల్లని మచ్చలుగా మిగులుతాయి. అప్పుడు ఫోను మంచిది కాదని నిందించటం పరిపాటి.

ఆ నింద ఫోనుకు చెందదు. కెమేరాలో వెలుతురు కొలిచే ఏర్పాటు ఉన్నదే కాని, ఎదుట ఉన్నది మంచో బొగ్గో దానికి తెలియదు. లోకం సగటున ఒక మధ్యరకపు బూడిదరంగులో ఉంటుందని భావించి అది లెక్క కడుతుంది. తెరనిండా మంచు ఉంటే ‘ఇంత వెలుతురా!’ అని తగ్గిస్తుంది. తెల్లదనం కాస్తా బూడిద అవుతుంది. అటువంటిచోట ఎక్స్‌పోజరును ప్లస్ 1కి జరిపితే వెలుతురు రెట్టింపై మంచు మంచువలె వస్తుంది. ఫోనులోనయితే తెరపై వేలు ఆనించి, కనిపించిన సూర్యుని గుర్తును కొద్దిగా పైకి జరిపితే చాలును. ఇంతపని చేయటానికి ఎవరికీ ఖరీదైన కెమేరా అక్కరలేదు.

వెలుతురును పాలించేవి మూడు: కటకపు రంధ్రం, షట్టరు వేగం, ఐ.ఎస్.ఓ. అనే గ్రహణశక్తి. ఇవి ఫోటోగ్రాఫరు దుకాణపు రహస్యాలని విద్యార్థులు భయపడతారు. నిజానికి వీటిలో సగం తరగతిగదిలో చెప్పినవే. సూదిబెజ్జం కెమేరా చేసిన పిల్లవానికి రంధ్రం సంగతి కొత్త కాదు. ఎఫ్ 2 కంటె ఎఫ్ 4 చిన్న రంధ్రమెందుకయినదని అడిగితే లెక్కల మాస్టరు సమాధానం చెప్పగలడు. 50 మిల్లీమీటర్ల నాభ్యంతరాన్ని 2చే భాగిస్తే వ్యాసం 25, 4చే భాగిస్తే పన్నెండున్నర. వ్యాసం సగమయితే వైశాల్యం నాలుగోవంతు, వెలుతురూ నాలుగోవంతే. రంధ్రం చిన్నదైనకొద్దీ దగ్గరి కాఫీమొక్క, దూరపు గాలికొండ రెండూ స్పష్టంగా వస్తాయి. పెద్దదయితే మొక్క నిలిచి, కొండ కరిగిపోతుంది. చాలా ఫోనులలో ఈ రంధ్రం మారదు గనుక మిగిలిన రెండింటితోనే గడుపుకోవాలి.

ఆ రెండింటికి బొర్రాగుహలకు మించిన ప్రయోగశాల లేదు. లోపల దీపాల వెలుతురు స్వల్పం. షట్టరును సెకనులో 8వ వంతు తెరిచి ఉంచితే చేయి వణికి చిత్రం చెదురుతుంది. 60వ వంతుకు తగ్గిస్తే చీకటి మిగులుతుంది. ఐ.ఎస్.ఓ. పెంచితే వెలుతురు వస్తుంది కాని ఇసుక చల్లినట్లు గరుకుదనం కూడా వస్తుంది. మోచేతులను ఇనుపకమ్మీకి ఆనించి, ఊపిరి బిగబట్టి, ఐ.ఎస్.ఓ. కొద్దిగా పెంచి తీసినవాడు ఈ బేరం తన చేతులతో నేర్చుకుంటాడు. కదులుతున్న రైలునుండి తీసేటపుడు మాత్రం 500వ వంతుకు తగ్గరాదు.

ఇంతవరకు చెప్పినది వెలుతురు లెక్క. మనుష్యుల ముఖాల విషయంలో ఈ లెక్క న్యాయాన్యాయాలదాకా పోతుంది. కొన్ని దశాబ్దాలపాటు పాశ్చాత్యదేశాలలో రంగుల ఫిల్మును సరిచూడటానికి కొడాక్ సంస్థ పంపిన ‘షర్లీ కార్డు’ మీద తెల్లజాతి స్త్రీ బొమ్మ ఉండేది. ఆమె చర్మం సరిగా వస్తే ఫిల్ము సరిగా ఉన్నట్లే. నల్లనివారి ముఖాలు ఎట్లా వచ్చినా అడిగేవారు తక్కువ. 2021లో గూగుల్ సంస్థ తన ఫోనులలో అన్ని చర్మవర్ణాలను యథాతథంగా చూపే ఏర్పాటు చేసినట్లు ప్రకటించవలసివచ్చిందంటే ఆ దోషం ఎంతకాలం నిలిచిందో ఊహించవచ్చును. నేటికీ చాలా ఫోనులలో ‘అందం’ పేర ఒక మీట ఉన్నది. అది ముఖాన్ని తెల్లగా తోముతుంది. కొండదొర బాలిక ఛాయాచిత్రంలో తన రంగు కోల్పోవటం అందమెట్లా అవుతుంది? ఆ మీటను ఆర్పివేసి, వేలిని ఆకాశంమీద గాక ఆమె ముఖంమీద ఆనించి వెలుతురు కొలవటం ఉపాధ్యాయుడు నేర్పవలసిన మొదటి పాఠం. వెనుక ఆకాశం కొంత తెల్లబోతే పోనీ.

ఇక కూర్పు. తెరను అడ్డంగా, నిలువుగా మూడేసి భాగాలు చేసి గీతలు కలిసేచోట ముఖ్యవస్తువును ఉంచమంటారు. మంచి సూత్రమే. కాని ఎక్కడ నిలబడాలన్నది అంతకంటె ముఖ్యం. నిలువెత్తు మనిషి పైనుండి పిల్లవానిని తీస్తే పిల్లవాడు మరుగుజ్జు అవుతాడు. మోకాళ్లమీద వంగితే సమానుడవుతాడు. వలిసె పూలకాలంలో పసుపు పరచినట్లున్న చేలలోకి జనం దూరి, పైరు తొక్కి బొమ్మలు తీసుకుంటున్నారు. రైతుకు అది నూనెగింజల పంట. గట్టుమీదనే కూర్చుని కెమేరాను పూల ఎత్తుకు దించితే, పలుచని పూలుకూడా ఒకదానిపై ఒకటి ఒరిగి ఒత్తుగా కనబడతాయి. దూరపు కటకం ఉంటే మరీ ఒత్తుగా కనబడతాయి. చేలోకి దిగినవాని చిత్రంలో అతని చుట్టూ విరిగిన మొక్కలే ఎక్కువ.

ఇదే తూర్పుకనుమలలో, దక్షిణాన గోదావరి ఒడ్డున, ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ 1940 దశకంలో కొండరెడ్ల మధ్య బసచేసి ఛాయాచిత్రాలు తీశాడు. వారిని గురించిన అతని గ్రంథం 1945లో వెలువడినది. ఆనాటి కెమేరాలో దూరం, రంధ్రం, వేగం సమస్తం మనిషే నిర్ణయించవలసి ఉండేది. ఫిల్మూ పరిమితమే. అందుచేత చూడటం ముందు, మీట నొక్కటం తరువాత. పరాయివాడు చూసిన చూపే అయినా, తొందరలేని చూపు.

అన్నీ ఫోనే చూసుకుంటున్నపుడు ఈ శ్రమ ఎందుకని పిల్లలు అడుగుతారు. ఎండపూట పద్మాపురం తోటలో నిలబడిన నేస్తాలను తీయటానికి నిజంగానే ఈ శ్రమ అక్కరలేదు. అక్కడ యంత్రం లెక్క సరిపోతుంది. అడుగు తరువాత అడుగుగా, ఒకరి వీపుమీద ఒకరు చేతులు పెనవేసి స్త్రీలు ఆడే థింసావద్ద ఆ లెక్క తప్పుతుంది. 250వ వంతులో పాదాలు గాలిలో నిలుస్తాయి, 15వ వంతులో చీర అంచులు ప్రవాహమవుతాయి. ఏది కావాలో ఫోనుకు తెలియదు. తీయవచ్చునా అని ఆడేవారిని అడగటమూ దానికి రాదు.

విహారయాత్రకు తీసుకుపోయే ఉపాధ్యాయుడు ఒక్కొక్క విద్యార్థికి పన్నెండు చిత్రాలే పరిమితి పెట్టి చూడవచ్చును. ప్రతి చిత్రం వెంట ఏ వేగం, ఏ ఐ.ఎస్.ఓ., ఎక్కడ నిలబడినది, ఎవరిని అడిగినది నోటుపుస్తకంలో వ్రాయించాలి. మనుష్యులు ఉన్న చిత్రాలను అచ్చువేయించి, అరకు పోయే తరువాతి బృందం చేతికిచ్చి, ఆ ఊరి బడికి పంపాలి. తమ ముఖాలు సరిగా వచ్చినవో లేవో వారే చెబుతారు.