'ఖాళీగా' ఉన్నది ఎవరు?

ఈ మధ్య ఒక మండల సమావేశంలో పరిచయాలు జరుగుతున్నాయి. ఒక్కొక్కరూ పేరు, ఊరు, చేసే పని చెబుతున్నారు. ఒకమ్మాయి లేచి "డి.ఎడ్. చేశాను. టెట్ పాసయ్యాను. ప్రస్తుతం ఖాళీగా ఉన్నాను" అని కూర్చుంది. తర్వాత టీ తాగుతూ మాట్లాడుకుంటుంటే తెలిసింది, ఆ అమ్మాయి నాలుగేళ్ళుగా ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతోందని. పొద్దున ఎనిమిదింటికి ఇల్లు వదిలితే తిరిగొచ్చేసరికి ఆరవుతుంది. "మరి ఖాళీగా ఉన్నానన్నావేమ్మా?" అని అడిగాను. "మా ఇంట్లో అట్లాగే చెబుతారక్కా. డీఎస్సీ వస్తేనే ఉద్యోగం. ఇది ఉద్యోగం కాదంట" అంది.

రోజుకు పది గంటల చాకిరీ ఎవరి లెక్కలోనూ పని కాకుండా ఎట్లా పోయింది? ఆ అమ్మాయి ఖాళీగా లేదు. ఖాళీగా ఉన్నవి ప్రభుత్వ బళ్ళలో కుర్చీలు. ఆ కుర్చీలను ఏళ్ళ తరబడి ఖాళీగా ఉంచడం వల్లే ఈ అమ్మాయిల శ్రమ చవకగా దొరుకుతోంది. నిరుద్యోగ సమస్య అని మనం పిలుస్తున్నది నిజానికి చవక శ్రమ సమస్య. రెండింటినీ కలిపి చూడకపోతే ఏదీ అర్థం కాదు.

ముందు నియామకాల సంగతి. తెలంగాణలో 2017లో ఉపాధ్యాయ నియామకాల నోటిఫికేషన్ వచ్చింది. తర్వాతది 2023 సెప్టెంబరులో 5,089 పోస్టులకు వచ్చి, పరీక్ష జరగకుండానే రద్దయింది. 2024లో 11,062 పోస్టులకు మళ్ళీ వేశారు. దరఖాస్తులు 2 లక్షల 79 వేలు దాటాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2018 డీఎస్సీ తర్వాత 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులని ప్రకటించి దాన్నీ రద్దు చేశారు. 16,347 పోస్టుల డీఎస్సీ జరిగి నియామక పత్రాలు చేతికొచ్చేసరికి 2025 సెప్టెంబరు అయింది. 1998 డీఎస్సీ వాళ్ళ గతి అందరికీ తెలిసిందే. వాళ్ళను తీసుకుంటామని ప్రభుత్వం ఒప్పుకున్నది 2022లో. ఇరవై నాలుగేళ్ళు! అప్పటికి చాలామంది జుట్టు నెరిసింది.

ఈ ఎదురుచూపు ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ ఒకటి కాదు. కొడుకునైతే అప్పు చేసి అవనిగడ్డకో అశోక్‌నగర్‌కో పంపి కోచింగ్ ఇప్పిస్తారు. కూతురైతే బడి నుంచి వచ్చి, వంట చేసి, గిన్నెలు తోమి, అప్పుడు పుస్తకం తీయాలి. రెండేళ్ళు చూసి పెళ్ళి చేస్తారు. తర్వాత నోటిఫికేషన్ వచ్చేటప్పటికి చంకలో బిడ్డ ఉంటుంది. ఉద్యోగాల్లో మహిళల రిజర్వేషన్ చెల్లుతుందని 1995లో ఆంధ్రప్రదేశ్ కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఇప్పుడు మనకు మూడో వంతు వాటా ఉంది. నోటిఫికేషనే రాని ఏళ్ళలో దేంట్లో మూడో వంతు?

ఆ ఏళ్ళలోనే యాజమాన్యాల పంట పండుతుంది. ఏటా కాలేజీల నుంచి కొత్తవాళ్ళు బయటికి వస్తూనే ఉంటారు. 'నువ్వు కాకపోతే ఇంకొకరు' అనడానికి ఇంతకంటే ఏం కావాలి? జీతం చెప్పుకోలేనంత తక్కువ. వేసవి సెలవుల్లో అదీ ఉండదు. పైగా ఆ ఎండల్లోనే కొత్త అడ్మిషన్ల కోసం ఇల్లిల్లూ తిరగాలి. మధ్యలో మానేయకుండా ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆఫీసు బీరువాలో పెట్టుకునే బళ్ళున్నాయి. గర్భవతి అని తెలియగానే 'ఇంటి దగ్గర రెస్టు తీసుకోమ్మా' అని మర్యాదగా సాగనంపుతారు. 2017 సవరణ తర్వాత ప్రసూతి సెలవు ఇరవై ఆరు వారాలు. ఆ సెలవు ఇచ్చిన ప్రైవేటు బడి మీ మండలంలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి చూడండి.

చట్టాలు లేవా? ఉన్నాయి. 1994 జనవరి 1న ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన జీవో నెం. 1 ప్రకారం ఫీజుల ఆదాయంలో సగం సిబ్బంది జీతాలకే పోవాలి. మరో 15 శాతం వాళ్ళ పి.ఎఫ్., గ్రాట్యుటీ వంటి వాటికి. యాజమాన్యానికి 5 శాతం. ఈ లెక్క ప్రకారం ఎన్ని బళ్ళు నడిచాయి? ఒక్క బడి లెక్కల పుస్తకమైనా టీచర్లకు చూపించారా? టీచరు పారిశ్రామిక వివాదాల చట్టం కింద 'వర్క్‌మన్' కాదని 1988లో సుప్రీంకోర్టు అంది. గురువు కదా, కూలి ఎట్లా అవుతుందన్నట్టు! గ్రాట్యుటీ కోసం 2009లో చట్టం మార్చాల్సి వచ్చింది. దాని మీదా యాజమాన్యాలు కోర్టుకెక్కితే 2022లో గానీ తేలలేదు.

2020లో బళ్ళు మూతపడినప్పుడు ఈ టీచర్లు కూరగాయలు అమ్మారు, ఉపాధి హామీ పనికి వెళ్ళారు. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించింది. మంచిదే. అంటే ఏ బడిలో ఎవరు పనిచేస్తున్నారో జాబితా తయారు చేయడం ప్రభుత్వానికి చేతనవునన్న మాట! బియ్యం కోసం దొరికిన జాబితా జీతం అడగడానికి ఎందుకు దొరకదు?

చివరగా మన సంగతి. స్వచ్ఛంద సంస్థలు నడిపే బ్రిడ్జి కోర్సులు, ట్యూషన్ సెంటర్లలో చదువు చెప్పింది ఎవరు? ఈ అమ్మాయిలే. మనమూ వాళ్ళని 'వాలంటీర్లు' అన్నాం. ఇచ్చినదాన్ని 'గౌరవ వేతనం' అన్నాం. అందులో గౌరవమూ లేదు, వేతనమూ లేదు. ప్రాజెక్టు అయిపోగానే పంపేశాం. ఒకప్పుడు ప్రభుత్వం 398 రూపాయలకు స్పెషల్ టీచర్లను పెట్టుకున్నప్పుడు విమర్శించిన మనం, మన బడ్జెట్లలో చేసింది అదే. 'ఆడపిల్లకు పిల్లలంటే ప్రేమ, డబ్బుదేముంది' అనే మాట యాజమాన్యం అన్నా, మనం అన్నా ఒకటే మాట.

కాబట్టి 'డీఎస్సీ వేయండి' అన్న ఒక్క డిమాండు చాలదు. ప్రతి ఏటా ఖాళీలు ప్రకటించి, తేదీ తప్పకుండా భర్తీ చేయాలి. ప్రైవేటు బళ్ళలో జీతం పన్నెండు నెలలూ బ్యాంకు ద్వారానే ఇవ్వాలి. ఫీజులో సగం జీతాలకన్న నియమాన్ని అమలు చేసి, లెక్కలు బయట పెట్టాలి. సర్టిఫికెట్లు పట్టి ఉంచడాన్ని నేరంగా చూడాలి. ప్రసూతి సెలవు ఇవ్వని బడికి గుర్తింపు ఆపాలి. ఈ పనులు మన సంస్థల్లోనే మొదలుపెట్టాలి.

సావిత్రిబాయి ఫూలే పుట్టిన జనవరి 3ను తెలంగాణ ప్రభుత్వం 2025 నుంచి మహిళా ఉపాధ్యాయ దినోత్సవంగా జరుపుతోంది. ఆ రోజు సన్మాన సభల్లో శాలువాలు కప్పుతారు. మనం మాత్రం ఆ రోజు మన మండలంలోని ప్రైవేటు బళ్ళ టీచర్లను ఒకచోట చేర్చుదాం. పేరు, ఊరు, చేసే పని చెప్పమందాం. "ఖాళీగా ఉన్నాను" అన్న మాట ఆ సభలో ఎవరి నోటా రాకూడదు. "టీచర్ని. నా జీతం ఇంత. నాకు రావలసింది ఇంత" అని చెప్పాలి.