గ్రామసభ సమ్మతి లేని తరలింపుపై సూరారం ఆదివాసీ కుటుంబాల తీర్మానం

హైదరాబాద్‌లోని సూరారం, జీడిమెట్ల, గాజులరామారం ప్రాంతాల్లో నివసిస్తున్న గోండు, కోయ, కొలాం, నాయక్‌పోడు, చెంచు కుటుంబాల సర్వసభ్య సమావేశం ప్రపంచ ఆదివాసీ దినమైన ఆగస్టు 9న సూరారంలో జరిగింది. చర్చ అనంతరం ఈ కింది తీర్మానాన్ని ఆమోదించింది.

మేం సూరారం రావడానికి కారణం ఇంటింటికీ వేరు. కొందరు చదువుకొని ఉద్యోగానికి వచ్చారు. ఎక్కువమంది జీడిమెట్ల ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు పనికి, మేస్త్రీల దగ్గర కూలికి వచ్చారు. భూమి చాలక, పోడుకు పట్టా రాక, వేసిన పంటను అడ్డుకుంటే కేసులకు తిరగలేక ఊరు విడిచినవాళ్లూ మాలో ఉన్నారు. పులుల అభయారణ్యాల నుంచి ఊళ్ల తరలింపు మాట వచ్చిన ప్రతిచోటా ఈ మధ్య ఒక వాదన వినపడుతోంది: మీవాళ్లు హైదరాబాద్ పోయి బతకడం లేదా, మీకు అడవి ఎందుకు అని. ఈ వాదనకు మమ్మల్నే సాక్ష్యంగా చూపుతున్నారు గనుక, జవాబు కూడా మేమే ఇవ్వాలని సమావేశం భావించింది.

అడవిలో గీత గీసి మనుషుల్ని అవతలికి నెట్టడం మా తాతలు చూసిందే. 1860లో తమపై తిరగబడిన రాంజీ గోండును, ఆయన అనుచరులను బ్రిటిష్ వాళ్లు నిర్మల్‌లో ఉరితీశారు. తరువాత నిజాం సర్కారు రిజర్వు ఫారెస్టు హద్దులు వేసినప్పుడు, గోండులు, కొలాంలు తరతరాలుగా దున్నుకున్న చేలు రాత్రికి రాత్రి ఆక్రమణలయ్యాయి. జంగ్లాత్ (అటవీ శాఖ) వాళ్లు గుడిసెలు తగలబెట్టారు. బాబేఝరి, జోడేఘాట్ చుట్టుపక్కల పన్నెండు ఊళ్ల మీద హక్కు అడిగినందుకు 1940లో కుమ్రం భీమ్, ఆయన సహచరులు తుపాకులకు బలయ్యారు. ఆ తరువాతే సర్కారు మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపి గోండుల బాధ ఏమిటో తెలుసుకుంది. 1943లో మార్లవాయిలో గోండి భాషలోనే చదువు చెప్పే పంతుళ్లకు శిక్షణ మొదలైంది. 1949 నాటికి సుమారు 1,60,000 ఎకరాలకు పట్టాలు ఇచ్చారు. ఆ పట్టాలు ఒకరి దయ వల్ల వచ్చినవి కావని, జోడేఘాట్‌లో పారిన నెత్తురు వల్ల వచ్చినవని ఈ సమావేశం నమ్ముతోంది.

ఆ భూముల్లో చాలా భాగం తిరిగి ఎలా పోయిందో మా పెద్దలకు తెలుసు. అప్పు, సారా, తెల్ల కాగితం మీద వేలిముద్ర. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుల చేతికి భూమి పోకుండా 1970లో 1/70 చట్టం వచ్చినా, అది అమలు కావాలంటే మళ్లీ రోడ్డెక్కాల్సి వచ్చింది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి కోసం సభకు వచ్చినవారిపై పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్క 13 మంది. జనం లెక్క అంతకు ఎన్నో రెట్లు. మృతులకు ఈ సమావేశం లేచి నిలబడి నివాళి అర్పించింది.

చట్టం మా పక్షాన ఏమీ చెప్పలేదని ఎవరూ అనలేరు. 1996 పెసా చట్టం గ్రామసభను గుర్తించింది. 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు షెడ్యూల్డు ప్రాంతపు భూమిని ప్రైవేటు గనులకు లీజుకివ్వడం చెల్లదన్నది. 2006 అటవీ హక్కుల చట్టం, అదే ఏడాది సవరించిన వన్యప్రాణి చట్టం రెండూ ఒకే మాట చెబుతున్నాయి: ముందు హక్కులు తేల్చాలి, ఆ తరువాత గ్రామసభ తెలిసి, ఇష్టపడి ఒప్పుకోవాలి, అప్పుడే తరలింపు. బలవంతంగా కదిలించరాదన్న 2007 ఐక్యరాజ్యసమితి ఆదివాసీ హక్కుల ప్రకటనకు భారతదేశం అనుకూలంగా ఓటేసింది. అయినా 2014లో పోలవరం ముంపు కోసం ఏడు మండలాలను ఆంధ్రప్రదేశ్‌కు మార్చినప్పుడు అక్కడి గ్రామసభల సమ్మతి తీసుకోలేదు. పులుల అభయారణ్యాల కోర్ ప్రాంతాల నుంచి ఊళ్ల తరలింపును త్వరపెట్టాలంటూ జాతీయ పులుల సంరక్షణ సంస్థ 2024 జూన్‌లో రాష్ట్రాలకు లేఖ రాసింది. దేశం మొత్తం మీద ఆ ప్రాంతాల్లో 591 ఊళ్లు, 64,801 కుటుంబాలు ఉన్నాయి. వాటిలో కవ్వాల్, అమ్రాబాద్ అభయారణ్యాలు మన రాష్ట్రంలోవే.

ఊరు వద్దంటే ఆగుతుందనడానికీ రుజువులున్నాయి. నల్లమలలో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం అన్వేషణను చెంచు పెంటలు (ఆవాసాలు), అచ్చంపేట, అమ్రాబాద్ ప్రజలు కలిసి ఎదిరించారు. 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ దానికి వ్యతిరేకంగా తీర్మానించింది. ఆసిఫాబాద్ జిల్లాలో సుమారు 1.49 లక్షల హెక్టార్లను కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటించిన జీవో 49ను, ఆదివాసీల ఆందోళనతో 2025 జులైలో ప్రభుత్వం నిలిపివేసింది. నిలిపివేత రద్దు కాదు. ఆ జీవోను పూర్తిగా రద్దు చేయాలని ఈ సమావేశం కోరుతోంది.

కావున, మేం సూరారంలో బతుకుతున్నామన్న విషయాన్ని ఏ పెంటనైనా, ఏ గూడేన్నైనా ఖాళీ చేయించడానికి ఆధారంగా వాడరాదని ఈ సమావేశం ప్రభుత్వానికి, అటవీ శాఖకు స్పష్టం చేస్తోంది. పని కోసం ఒక మనిషి ఊరు దాటడం వేరు. దేవతలతో, శ్మశానంతో, చేలతో సహా ఊరినే ఎత్తేయడం వేరు.

తరలింపు సమ్మతి కోసం జరిగే గ్రామసభ ఆ ఊళ్లోనే, ఊరివాళ్ల భాషలోనే జరగాలి. అటవీ సిబ్బంది, పోలీసులు అక్కడ ఉండరాదు. అటవీ హక్కుల నిబంధనల ప్రకారం సభ్యుల్లో సగం మంది, వచ్చినవారిలో మూడోవంతు ఆడవాళ్లు లేని సభ చెల్లదు. చెంచుల ఆవాస హక్కులను గుర్తించకముందే వాళ్ల ముందు సమ్మతి కాగితం పెట్టడాన్ని మేం ఖండిస్తున్నాం.

తరలే కుటుంబానికి ఇచ్చే 15 లక్షల ప్యాకేజీపై సమావేశంలో భిన్నాభిప్రాయం వచ్చింది. బడి, ఆసుపత్రి దగ్గరలో లేని ఊరి నుంచి బయటికి రావాలనుకునే కుటుంబాన్ని ఆపే హక్కు మనకు లేదని కొందరు యువకులు, ఇద్దరు తల్లులు వాదించారు. వారి మాట న్యాయమేనని సమావేశం ఒప్పుకుంది. అయితే బడి, అంబులెన్సు, రోడ్డు ఉన్నచోటే అందివ్వకుండా ఉంచి, వాటి కోసం ఊరు వదలమనడాన్ని ఇష్టపూర్వక తరలింపు అనలేం. డబ్బు విలువ కూడా ముందుగా చెప్పాలి. 15 లక్షలకు ఈ సూరారం చుట్టుపక్కల వంద గజాల జాగా రాదు. తరలింపు జాబితాలో ఉన్న ఊళ్లవాళ్లు అడిగితే, నగరంలో కిరాయి, కూలి, ఖర్చుల లెక్క ఉన్నదున్నట్టు చెప్పడానికి మా సభ్యులు అక్కడికి వెళ్తారు.

ఊరి తరఫున మేం మాట్లాడం. గ్రామసభ నిర్ణయం అక్కడ ఉంటున్నవారిదే. ఏ అధికారి గానీ, కంపెనీ గానీ నగరంలోని మా సంతకాలు తీసుకొని ఊరి సమ్మతిగా చూపితే అది చెల్లదని ఇప్పుడే ప్రకటిస్తున్నాం. ఊళ్లోనే ఇల్లు, ఓటు ఉండి సీజను పనికి వచ్చినవారు గ్రామసభ రోజున వెళ్లి తీరాలి. వారి బస్సు చార్జీ, పోయిన కూలి మన నెల చందాల నుంచి ఇవ్వాలి.

2011 లెక్కల్లో గోండి మాట్లాడేవారు 29.84 లక్షలు. అందులో సగం మంది మాట్లాడే బోడోకు 2003లోనే ఎనిమిదో షెడ్యూలులో చోటు దొరికింది. గోండికి ఇంకా లేదు. 2027 జనగణనలో సూరారంలోని ప్రతి ఆదివాసీ ఇల్లు మాతృభాష దగ్గర తెలుగు అని అలవాటుగా చెప్పకుండా, ఇంట్లో మాట్లాడే గోండి, కోయ, కొలామి పేరే రాయించాలి. ఆదివారాలు పిల్లలకు గుంజాల గోండి లిపి నేర్పడానికి ఒక గది కిరాయికి తీసుకోవాలి. షెడ్యూల్డు ప్రాంతపు టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన జీవో 3ను 2020లో సుప్రీంకోర్టు కొట్టేసింది. స్థానిక గిరిజనుల నియామకానికి చెల్లుబాటయ్యే కొత్త చట్టం తేవాలని కోరుతున్నాం.

ఈ తీర్మానం ప్రతులను ఐదో షెడ్యూలు బాధ్యత గల గవర్నరుకు, గిరిజన సంక్షేమ శాఖ కమిషనరుకు, అటవీ శాఖకు, ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం, మన్ననూరు ఐటీడీఏలకు పంపాలి. కాగితం చదవలేనివారి కోసం గోండి, కోయ భాషల్లో చదివి రికార్డు చేసి, వచ్చే గ్రామసభల లోపు ఊళ్లకు చేర్చే బాధ్యతను మహిళా సభ్యులు తీసుకున్నారు.