పాత ఊరి జాగా మీద ఏముందని అడిగేటోళ్లకు



కాచిగూడ రైల్వే స్టేషన్ ఇక్కడ ఉంటున్న మనోళ్లందరూ రోజూ చూసేదే. 1916లో నిజాం కాలంలో కట్టిండ్రు. వారసత్వ కట్టడం అంటరు, ఫొటోలు దిగుతరు. మంచిదే. నా కోపం దాని మీద కాదు. "మీ ఆదివాసీలకు చరిత్ర ఏడుంది, ఒక్క పాత బిల్డింగన్నా చూపించు" అనే మాట మీద. కాలేజీలో ఈ మాట పడనోళ్లు మనలో ఎంతమంది?

చూపించాలంటే ఉట్నూర్ గోండు కోట ఉంది, సిర్పూర్ కోట ఉంది. కానీ కోటలు రాజులవి. మన తాతలు ఉన్నది కర్ర, మట్టి, గడ్డితో కట్టిన ఇండ్లల్ల. అవి వందేండ్లు నిలవవు. అసలు నిలవనిచ్చిందెవరు? స్టేషన్ కట్టించిన సర్కారే అడవికి గీత గీసి రిజర్వ్ అన్నది. దాని జంగ్లాతోళ్లే బాబేఝరి లాంటి ఊర్లల్ల ఇండ్లు తగలబెట్టిండ్రు. కొమురం భీం లేచింది అందుకే, 1940లో జోడేఘాట్‌లో ప్రాణం ఇచ్చింది అందుకే. ఇండ్లు కాల్చి, తర్వాత మీ ఇండ్లేవని అడుగుడు ఏం న్యాయం?

ఆ పోరాటం తర్వాతనే నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్‌ను మన దిక్కు పంపింది. మార్లవాయిలో ఉండి మన గురించి రాసిండు, ఆయన సమాధి కూడా అక్కడే ఉంది. గౌరవమే. అయినా ఎనభై ఏండ్లయినంక కూడా మన ఊరి కథ కోసం ఆయన పుస్తకమే తిప్పాల్నా?

కెస్లాపూర్‌లో మెస్రం వంశపోళ్లు సొంత పైసలతో నాగోబా గుడిని రాతితో కట్టుకున్నరు, 2022లో తెరిచిండ్రు. గర్వంగనే ఉంది. కానీ గోదావరి నీళ్ల కోసం ఏటా వాళ్లు కాలినడకన పోయే దారి ఆ రాతి కన్నా ఎంతో పాతది. దారిని కట్టడం అనరు, అందుకే లెక్కలోకి రాదు.

ఇది పరువు ముచ్చట ఒక్కటే కాదు. పోడు పట్టా కావాలంటే 2005 డిసెంబర్ 13కు ముందు నుంచే ఆ భూమి మీద ఉన్నమని చూపాలె. అటవీ హక్కుల చట్టం 13వ నిబంధన చదవండి: పాత బావులు, బొందల గడ్డలు, దేవుని జాగాలు, పెద్దమనుషులు చెప్పింది రాసిన కాయితం, అన్నీ సాక్ష్యాలే. అర్జీ పెట్టినాయన మాట ఆయనకే చెల్లదు, వేరే పెద్దమనిషి చెప్పాలె. ఇంకోటి, ఒక్క సాక్ష్యం సరిపోదు. బావిని చట్టం సాక్ష్యమంటుంటే, మనమే దాన్ని ఉత్త బావి అనుకుంటున్నం.

సెలవులకు పోయేటోళ్లు పటేల్‌ను, దేవారిని కూసోబెట్టి అడగండి. పాత ఊరు ఎక్కడుండె, ఎవరు లేపిండ్రు, పెన్ జాగా ఏ చెట్టు కింద? ఫోన్‌లో రికార్డు చేసి వదిలేయకండి. కాయితం మీద రాసి, తేదీ వేసి, సంతకమో వేలిముద్రో తీస్కొని, ఒక కాపీ గ్రామసభకు ఇయ్యండి.