మరమ్మతు కూడా ఒక హక్కే

రైల్వే, తపాలా ఉద్యోగుల ఇళ్లలోకి నేడు వీడియో గేములు కూడా వచ్చాయి. అవి మంచివా, చెడ్డవా అన్న చర్చకు మేము ఇక్కడ దిగడం లేదు. పిల్లల చేతిలోని కంట్రోలర్ పాడైనప్పుడు ఏమి జరుగుతున్నదన్నదే మా ప్రశ్న. స్టిక్‌ను ఎవరూ తాకకపోయినా తెరమీది బొమ్మ తనంతట తానే ఒక పక్కకు నడుస్తుంది. "దీనికి మరమ్మతు లేదు, కొత్తది కొనండి" అన్న సమాధానం దుకాణంలో వస్తుంది. నెలజీతంపై బతికే కుటుంబం మరల వేల రూపాయలు వెచ్చించవలసి వస్తుంది.

మరమ్మతు లేదన్న మాట నిజమేనా? సాధారణంగా స్టిక్‌కు ఆనుకొని రెండు చిన్న పొటెన్షియోమీటర్లు ఉంటాయి. ఒకటి అడ్డ కదలికను, రెండవది నిలువు కదలికను కొలుస్తుంది. వాటిలో కార్బన్ పూతపై సన్నని లోహపు రేకు రాసుకుంటూ తిరుగుతుంది. దుమ్ము చేరినా, పూత అరిగినా కొలత తప్పుతుంది. ఇందులో ఇంతకు మించిన రహస్యం లేదు. కరెంటు తీగ తీసివేసి, మరలు విప్పి, బ్యాటరీని వేరుచేసి, కాంటాక్ట్ క్లీనర్‌తో శుభ్రపరిస్తే దుమ్ము వలన వచ్చిన దోషం తరచుగా పోతుంది. పూతే అరిగితే భాగాన్ని మార్చాలి. దానిని సాధారణంగా 14 చోట్ల సోల్డరింగ్‌తో బోర్డుకు అతికిస్తారు. కనుక పనితెలిసిన చేయి, ఓపిక రెండూ కావాలి. లిథియం బ్యాటరీకి స్క్రూడ్రైవర్ మొన తగలకుండా చూచుకోవాలి.

ఏ భాగం అరుగుతుందో తయారీదారులకు తెలియనిది కాదు. రాపిడి లేకుండా అయస్కాంతం సాయంతో కొలిచే హాల్ సెన్సర్లను సేగా కంపెనీ 1998లో జపానులో విడుదల చేసిన డ్రీమ్‌కాస్ట్ కంట్రోలర్‌లోనే వాడింది. కొరత విజ్ఞానంలో లేదు. అరిగే భాగాన్ని సులభంగా ఊడదీసే వీలు లేకుండా అమర్చడం, విడిభాగాలు అమ్మకపోవడం, మామూలు స్క్రూడ్రైవర్‌కు లొంగని మరలు బిగించడం యాజమాన్యాలు తీసుకునే నిర్ణయాలు.

లాలాగూడా, రాయనపాడు, ఖరగపూరు వర్క్‌షాపులలో మన కార్మికులు పెట్టెలను, వ్యాగన్లను నిర్ణీత కాలానికి విప్పి, అరిగిన భాగాలు మార్చి, తిరిగి పట్టాలెక్కిస్తున్నారు. ఒక్క బేరింగు అరిగిందని పెట్టెనే పారవేయమంటే ఏ ఫిట్టరూ అంగీకరించడు. అదే న్యాయం అరచేతిలోని యంత్రానికీ వర్తించాలి.

చట్టాలు మాత్రం దీనిని ఆటవస్తువుగానే చూస్తున్నాయి. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 2023లో మరమ్మతు హక్కు చట్టం చేస్తూ వీడియో గేమ్ కన్సోళ్లను అందులోనుండి మినహాయించింది. మన వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో కమిటీ వేసినప్పుడు వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాల రంగాలను గుర్తించింది. ఆటయంత్రాల పేరు అందులో లేదు. అదే ఏడాది డిసెంబరులో ప్రారంభించిన పోర్టల్ సమాచారం ఇవ్వగలదే గాని చట్టానికి ప్రత్యామ్నాయం కాజాలదు. మరమ్మతుకు దారి తెరిస్తే దొంగ కాపీలు పెరుగుతాయని గేమ్ పరిశ్రమ వాదిస్తున్నది. అరిగిన స్టిక్‌ను మార్చినంత మాత్రాన ఏ ఆట కాపీ అవుతుంది?

కనుక మా కోర్కెలు స్పష్టమైనవి. మరమ్మతు హక్కుకు చట్టబలం కల్పించాలి. విడిభాగాలను, మరమ్మతు వివరాలను న్యాయమైన ధరకు అందరికీ అందించాలి. గేమ్ పరికరాలను మినహాయించరాదు.

ప్రభుత్వాన్ని కోరడంతోనే మన బాధ్యత తీరదు. సిగ్నల్, టెలికాం, ఎలక్ట్రికల్ విభాగాలలో సోల్డరింగ్ తెలిసిన సభ్యులు ఎందరో ఉన్నారు. సెలవు దినాన రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లోనో, యూనియన్ కార్యాలయంలోనో ఒక బల్ల వేసి, పాడైన కంట్రోలర్లను పిల్లల ఎదుటనే విప్పి చూపండి. తపాలా సోదరుల పిల్లలనూ పిలవండి. బాగుపడనివాటిని చెత్తకుండీలో వేయక ఈ-వ్యర్థాల సేకరణ కేంద్రానికి చేర్చండి. ఏ భాగం దొరకక పని ఆగిపోయిందో రాసిపెట్టి, తీర్మానంతో పాటు కేంద్ర కార్యాలయానికి పంపవలసిందిగా శాఖలన్నింటినీ కోరుతున్నాము.