ఇంటిచాకిరీని చవక చేసిందెవరు?

2007 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఒక్కమాట మీద నిలబడి ఒక తీర్పిచ్చారు. ఓడిపోయింది ఎవెలిన్ కోక్ అనే జమైకా మహిళ. న్యూయార్క్ దగ్గరి లాంగ్ ఐలాండ్‌లో ఇరవై ఏళ్లకు పైగా ముసలివాళ్ల, మంచాన పడ్డవాళ్ల బాగోగులు వాళ్ల ఇళ్లలోనే ఉండి చూశారు. ఒక్కోసారి రాత్రీ పగలూ అక్కడే ఉండేవారు. ఓవర్‌టైమ్ ఇప్పించమని ఆమె కోర్టుకెక్కారు. అలాంటి పని ‘తోడుగా ఉండటం’ కిందికి వస్తుంది కనుక కనీస వేతనం, ఓవర్‌టైమ్ వర్తించవన్న కార్మికశాఖ నిబంధనను కోర్టు సమర్థించింది. ఏజెన్సీ పంపిన మనిషికైనా అంతేనంది.

ఈ కేసును నిశితంగా విశ్లేషించిన పుస్తకాల్లో ఒకటి 2010లో వచ్చిన ‘ఫోర్స్‌డ్ టు కేర్’. రాసింది కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీ ప్రాంగణంలో పనిచేసిన సామాజిక శాస్త్రవేత్త ఎవెలిన్ నకానో గ్లెన్. అప్పటికి ఆమె దశాబ్దాలుగా ఒకే ప్రశ్న వెంట నడుస్తున్నారు. ఇల్లు తుడవడం, బిడ్డల్ని పెంచడం, రోగుల్ని కడగడం లేకుండా ఏ సమాజానికీ పూట గడవదు కదా, మరి ఆ పనులు ఎప్పుడూ కొన్ని జాతుల ఆడవాళ్ల మీదే ఎందుకు పడతాయి? జీతం అడుగునే ఎందుకు ఉంటుంది?

గ్లెన్ 1940లో కాలిఫోర్నియాలోని శాక్రమెంటోలో పుట్టారు. జపాన్ మూలాలున్న ఆమె తల్లిదండ్రులు పుట్టింది కూడా అమెరికాలోనే. రెండో ప్రపంచయుద్ధ కాలంలో, 1942 ఫిబ్రవరిలో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకం చేసిన ఉత్తర్వుతో పశ్చిమ తీరం నుంచి సుమారు 1,20,000 మంది జపనీయులను, జపనీస్ అమెరికన్లను ముళ్లకంచెల శిబిరాలకు తరలించారు. వాళ్లలో మూడింట రెండొంతుల మంది అమెరికా పౌరులే. రెండేళ్లు కూడా సరిగా నిండని గ్లెన్ కుటుంబంతోపాటు శిబిరాల పాలయ్యారు. పౌరసత్వం కాగితం మీద ఉండటం వేరు, అవసరానికి అక్కరకు రావడం వేరు అన్నది తర్వాత ఆమె పరిశోధనకు మూలసూత్రమైంది.

బర్కిలీలో డిగ్రీ, హార్వర్డ్‌లో డాక్టరేట్ చేసి ఆమె అధ్యాపకురాలయ్యే నాటికి స్త్రీవాద చర్చలో మధ్యతరగతి తెల్ల గృహిణే కేంద్రం. ఆ గృహిణికి ఇల్లు చెర, ఉద్యోగం విముక్తి. నల్లజాతి, మెక్సికన్, జపనీస్ స్త్రీలకు ఈ లెక్క కుదరదు. వాళ్లు తరతరాలుగా ఉద్యోగాల్లోనే ఉన్నారు. ఆ ఉద్యోగాల్లో చాలా భాగం అదే తెల్ల గృహిణుల వంటిళ్లలో!

ఆ వంటిళ్ల కథే 1986లో వచ్చిన ఆమె పుస్తకం ‘ఇస్సెయ్, నిసెయ్, వార్ బ్రైడ్’. 1924లో అమెరికా తలుపులు మూయకముందు జపాన్ నుంచి వచ్చినవాళ్లు, అమెరికాలో పుట్టిన వాళ్ల కూతుళ్లు, రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికన్ సైనికుల్ని పెళ్లాడి వచ్చినవాళ్లు. శాన్‌ఫ్రాన్సిస్కో పరిసరాల్లో ఇళ్లలో పనిచేసిన ఈ మూడు తరాల స్త్రీలను కలిసి, వాళ్ల నోటే వాళ్ల బతుకుల్ని విన్నారు. మొదటి తరం వాళ్లకు 1952 దాకా పౌరసత్వం అడిగే హక్కే లేదు. ఇంగ్లీషు అంతంతమాత్రం. భర్తలు తోటమాలులుగానో చిల్లర వ్యాపారులుగానో సంపాదించేది చాలదు.

ఇంతవరకూ చదివి జాలిపడితే గ్లెన్ ఒప్పుకోరు. ఈ స్త్రీలు ఒకే ఇంట్లో మకాం పెట్టే పని కన్నా నాలుగైదిళ్లలో రోజువారీ పనికే మొగ్గారు. యజమానురాలు నెత్తినెక్కితే ఇల్లు మార్చారు. ఇంట్లో ఎవరూ లేని వేళల్లో పనిని ఇష్టపడ్డారు. భర్తను చేయిచాచి అడగనక్కర్లేని సొంత డబ్బు చేతికొచ్చింది. అలాగని ఇంటికొచ్చాక రెండో విడత చాకిరీ తప్పలేదు. కుటుంబమే వాళ్లకు అండ, కుటుంబమే బరువు. ఈ రెంటినీ కలిపి చూపడం ఆ రోజుల్లో అరుదు.

1992లో ‘సైన్స్’ (Signs) అనే స్త్రీల అధ్యయన పత్రికలో వచ్చిన ఆమె వ్యాసం ఇంకా దూరం వెళ్లింది. దక్షిణ రాష్ట్రాల్లో ఇంటిపని నల్లజాతి స్త్రీలది, నైరుతిలో మెక్సికన్లది, కాలిఫోర్నియా, హవాయిల్లో జపనీయులది. ఈ పని వాళ్ల స్వభావంలోనే ఉందని ప్రతిచోటా యజమానులు నమ్మారు. ఒకే పనికి మూడు జాతుల ‘స్వభావం’ సరిపోయిందంటే, స్వభావమన్నది సాకు మాత్రమేనని వేరే చెప్పాలా? తర్వాత అదే పని ఇళ్ల నుంచి ఆస్పత్రులకు, హోటళ్లకు, వృద్ధాశ్రమాలకు చేరింది. నర్సింగ్‌లో పై మెట్టున ఎక్కువగా తెల్లవాళ్లు, మలమూత్రాలెత్తే అడుగు మెట్టున రంగుజాతుల స్త్రీలు. ఆడవాళ్లంతా ఒక్కటే అన్న నినాదానికి ఇది మింగుడుపడని నిజం. కొందరు స్త్రీలు ఉద్యోగాల్లో ఎదగడానికి వెసులుబాటు ఇచ్చింది ఇంకొందరు స్త్రీల చవక శ్రమే.

చవక అన్నది దానంతటదే రాలేదు. 1935 నాటి సామాజిక భద్రతా చట్టం వ్యవసాయ కూలీలనూ ఇంటి పనివాళ్లనూ బయటే ఉంచింది. 1938 నాటి కనీస వేతన చట్టం రక్షణా వాళ్లకు అందలేదు. దక్షిణాది నల్లజాతివాళ్లలో అత్యధికులు ఆ రెండు పనుల్లోనే ఉండేవారు. 1974లో ఇంటి పనివాళ్లను వేతన చట్టంలోకి తెచ్చినప్పుడు ‘తోడుగా ఉండే’వాళ్లకు మినహాయింపు పెట్టారు. కోక్‌ను ఓడించింది ఆ మినహాయింపే. 2013లో ఒబామా ప్రభుత్వం నిబంధన మార్చి ఏజెన్సీల ఉద్యోగినులకు రక్షణ కల్పించింది. 2025లో ట్రంప్ ప్రభుత్వ కార్మికశాఖ మళ్లీ పాత పద్ధతికే వెళ్దామని ప్రతిపాదించింది.

జీతాలు పెంచితే మధ్యతరగతి ముసలివాళ్లు మనిషిని పెట్టుకోలేరన్న వాదన తేలికగా కొట్టిపారేసేది కాదు. అయితే ఖర్చు ఎప్పుడూ మాయం కాదు, ఎవరో ఒకరు భరిస్తూనే ఉంటారు. ఇప్పుడు భరిస్తున్నది కోక్ లాంటివాళ్లు, ఇంట్లో జీతం లేకుండా చేసే కూతుళ్లు, కోడళ్లు. సంరక్షణను సమాజం మొత్తం మోయాల్సిన బాధ్యతగా, పౌరుల హక్కుగా గుర్తించాలన్నది గ్లెన్ వాదన. ఈ వ్యాసం పక్షమూ అదే.

ఇది అమెరికా గొడవ అనుకుని వదిలేయడానికి తెలుగువాళ్లకు వీల్లేదు. గోదావరి జిల్లాల నుంచి, కడప ప్రాంతం నుంచి ఎందరో ఆడవాళ్లు కువైట్, ఇతర గల్ఫ్ దేశాల ఇళ్లలో ‘కద్దామా’లుగా, అంటే పనిమనుషులుగా పనిచేస్తున్నారు. అక్కడ వీసా యజమాని చేతిలో ఉంటుంది. చాలాకాలం ఆ దేశాల కార్మిక చట్టాలు ఇంటి పనివాళ్లను కలుపుకోలేదు. కువైట్ 2015లో విడిగా చట్టం చేసింది. మన ప్రభుత్వమేమో ముప్పై ఏళ్లు నిండని స్త్రీలు ఆ పనికి వెళ్లకూడదని నిబంధన పెట్టింది. పని షరతుల్ని సరిచేయాల్సిన చోట ఆడమనిషి ప్రయాణాన్ని అడ్డగించడం రక్షణ అనిపించుకోదు. అవసరం ఉన్నవాళ్లను అది విజిట్ వీసాల వైపు, దొంగ ఏజెంట్ల వైపు నెడుతుంది.

దేశంలోపలి సంగతి అంతకన్నా మెరుగ్గా లేదు. ఇంటి పనివాళ్ల హక్కులపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో చేసిన ఒప్పందాన్ని భారత్ ఇంకా ధ్రువీకరించలేదు. వాళ్ల కోసం చట్టం అవసరమా అని పరిశీలించడానికి నిపుణుల సంఘం వేయమని 2025 జనవరిలో మన సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది. చట్టమంటూ వస్తే అందులో రాతపూర్వక ఒప్పందం, పని గంటల లెక్క, వారానికో సెలవు, ఓవర్‌టైమ్ ఉండాలి. ‘ఇంట్లో మనిషిలాంటిదే’ అన్న మాటతో తప్పించుకునే సందు ఉండకూడదు. కువైట్‌లో ఉన్న రాజోలు మహిళకు ఇవన్నీ ఇప్పించమని అడగబోయే ప్రభుత్వం, కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్లలో అంట్లు తోమే మహిళకు ముందుగా ఇవ్వాలి.